పుష్యమాసం సెలవు

నా చిన్నప్పుడు మా అక్కుపల్లిలో జ్వరానికి కూడా ఒక కాలం ఉండేది. వానలతో వచ్చేది, చలి ముదిరాక పోయేది. ఒక ఏడాది అది పోతూ పోతూ మా పక్కింటి అప్ప కూతుర్ని తీసుకుపోయింది.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ నాకు చుట్టం కాదు. వాళ్లాయనా మా నాన్నా ఒకే పడవ మీద వేటకు వెళ్లేవారు, అంతే. పాపకి నాలుగేళ్లు, నాకు తొమ్మిది. రోజంతా నా చంక దిగేది కాదు. రోజు విడిచి రోజు వణుకు వచ్చింది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, వేపమండలతో దిగదుడిచారు. నాలుగోసారి వణుకుతో పాటు ఫిట్స్ కూడా వచ్చాయి. పలాస తీసుకెళ్దామని బండి కడుతుండగానే అయిపోయింది.

వారం తిరగకుండా మలేరియా ఆయన సైకిల్ మీద వచ్చాడు. వేలికి సూది గుచ్చి గాజు పలకల మీద రక్తపు చుక్కలు తీసుకునే ప్రభుత్వ ఉద్యోగి. అప్ప చెయ్యి చాపింది గానీ చూపు ఎక్కడో ఉంది.

"నా గుంటకి ఏ గాలి సోకింది బాబూ?" అని పోయిన పిల్ల గురించి అడిగింది.

ఆయన ఆవిడ గడప మీదున్న గాజుగ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. మా ఉద్దానంలో ఇసుకలో రెండు మూరలు తవ్వితే చాలు, నీరు పడుతుంది. కొబ్బరి మొక్కలకి పోసుకోవడానికి ప్రతి పెరట్లోనూ అలాంటి నేలనుయ్యి ఒకటి ఉండేది. ఆయన అందులో గ్లాసు ముంచి వెలుగుకి పట్టుకున్నాడు. నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. గ్లాసు మీద గుడ్డ కట్టి అప్ప చేతికిచ్చి, రోజూ చూస్తూ ఉండమని చెప్పి వెళ్లిపోయాడు.

అప్ప దాన్ని గోడ గూట్లో పెట్టింది. పొద్దున్న లేవగానే నేను పరిగెత్తుకుంటూ వెళ్లేదాన్ని. ఇద్దరం పక్కపక్కన నిలబడి చూసేవాళ్లం. ఆరో రోజున పురుగులు లేవు. గుడ్డకి లోపలి వైపు దోమలు వేలాడుతున్నాయి. అప్ప చాలాసేపు చూసింది. ఏడుస్తుందని భయపడ్డాను, ఏడవలేదు. తట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లి, ఆ నుయ్యిలో ఇసుక పొయ్యడం మొదలుపెట్టింది. నేనూ చేతులతో తోశాను.

వాళ్లత్త బయటికొచ్చి నెత్తి కొట్టుకుంది. "మొక్కలెండిపోతే ఏటి తింటావే?"

"మొక్కయితే మళ్లీ ఏసుకోవచ్చత్తా," అంది అప్ప. తట్ట మాత్రం కింద పెట్టలేదు.

మర్నాటి నుంచి ఆ గ్లాసు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "సూడండి, మన నుయ్యిలోవే ఇవి," అనేది. పిల్ల పోయి మతి చెడిందన్నారు. మా అమ్మ కూడా ఆవిణ్ణి చూసి తలుపు జారవేసింది. నాకు సిగ్గేసింది. అమ్మ రేవుకి వెళ్లిన సమయం చూసి మా నుయ్యి నేనే పూడ్చేశాను. అమ్మ చీపురుకట్టతో కొట్టిన దెబ్బలు వారం రోజులు మంటపెట్టాయి. ఆ వారంలోనే మా నాన్నకి వణుకు పట్టింది. మలేరియా ఆయన ఇచ్చిన చేదుమాత్రలతో నాన్న లేచి తిరిగాక, ఆ నుయ్యి ఊసు మా ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పుష్యమాసంలో అప్ప మరోసారి గ్లాసు కట్టింది, ఇంకో ఇంటి నుయ్యి నీళ్లతో. ఈసారి పురుగులు బద్ధకంగా కదిలాయి. వారం పోయింది, రెండో వారం కూడా గడిచిపోవచ్చింది, అప్పటికి గాని దోమలు లేవలేదు. నేను కారణం అడిగితే ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల పోయాక ఆవిడ ఎవర్నైనా ఒళ్లోకి తీసుకోవడం అదే మొదటిసారి.

"సలేత్తే ఇవి పెరగడానికి శానా రోజులు పడతాదే. దోమ కడుపులో జొరం ముదరడానికీ రోజులు పడతాదంట, మలేరియా బాబు సెప్పాడు. అది ముదిరేలోపు దోమే సచ్చిపోద్ది. పుష్యమాసం మనకి సెలవే, బుజ్జీ. ఈ ఒక్క నెలా నిశ్చింతగా పడుకోవచ్చు."

ఆ మాటని యాభై ఏళ్లకి పైగా నమ్మాను. పెళ్లయి పలాస వచ్చాను. నేలనూతులు పోయాయి, కుళాయిలూ డ్రమ్ములూ వచ్చాయి. ప్రతి శుక్రవారం డ్రమ్ములు వంపి తోమేదాన్ని. కొబ్బరి చిప్పలు బోర్లించేదాన్ని, ఫ్రిజ్ వెనకాల పళ్లెం తుడిచేదాన్ని. పుష్యమాసం వస్తే మాత్రం మానేసేదాన్ని. సెలవు కదా.

మొన్నటి పుష్యంలో మా ఇంట్లో దుప్పట్లు పెట్టెలోంచి బయటికి రాలేదు. రాత్రుళ్లు ఫ్యాను తిరుగుతూనే ఉంది. మార్గశిరంలో కురవకూడని వానలు కురిసి వెళ్లాయి. ఇవన్నీ నేను చూశాను, పక్కింటివాళ్లతో వింతగా చెప్పుకున్నాను కూడా. డ్రమ్ము మాత్రం వంపలేదు.

మా కోడలు జీడిపప్పు బట్టీలో పని చేసేది. ఒళ్లునొప్పులంటే పని వల్లే అనుకున్నాం. జ్వరానికి మాత్రలు వేసుకుని రెండు రోజులు పనికి కూడా వెళ్లింది. ఐదో రోజు పొద్దున్న పళ్లు తోముకుంటూ, "అత్తా, సిగుళ్లమ్మట రగతం వత్తంది," అంది. టెక్కలి తీసుకెళ్లాం. అక్కణ్ణుంచి శ్రీకాకుళం పంపారు. రక్తం ఎక్కించారు. డెంగీ అన్నారు. చలికాలంలో డెంగీ ఏమిటి బాబూ అని డాక్టరుని అడిగాను.

"మేమూ అలాగే అనుకునేవాళ్లమమ్మా," అన్నాడాయన. "ఇప్పుడు నెల చూడటం మానేశాం."

ఏడో రోజు మధ్యాహ్నం మా కోడలు చనిపోయింది. దానికి ఇరవై తొమ్మిదేళ్లు.

దినాలు కాకముందే ఆశా కార్యకర్త వచ్చి మా డ్రమ్ము మూత ఎత్తింది. నన్ను పిలవలేదు. నేనే వెళ్లి చూశాను. మెలికలు తిరుగుతున్న పురుగులు ఎలా ఉంటాయో నాకు ఒకరు చూపించక్కర్లేదు. ఏమాత్రం బద్ధకం లేకుండా తిరుగుతున్నాయి. కోడల్ని కుట్టిన దోమ మా డ్రమ్ములోదో, బట్టీ దగ్గరిదో ఎవరూ చెప్పలేరు. మా అబ్బాయి కూడా అదే అంటాడు, నన్ను ఓదార్చడానికి. వింటాను, తలూపుతాను.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మా వీధి చివరి దాకా వెళ్తున్నాను. మాఘమైనా పుష్యమైనా. కొందరు మూత ఎత్తనిస్తారు. కొందరు, "ముసల్దానికి కోడలు పోయి మతి పోయింది," అని నాకు వినపడేలాగే అంటారు. నేను తర్వాతి గుమ్మం ఎక్కుతాను. ఎనిమిదేళ్ల మనవరాలు బడి లేని రోజు నాతో వస్తుంది. అది ఒకసారి అడిగింది, "నానమ్మా, మనం ఎప్పుడు మానేద్దాం?" అని. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. మా అప్ప నాకిచ్చినట్టు దానికి ఇవ్వడానికి నా దగ్గర ఒక్క నెల కూడా లేదు.