తుమ్ముకు పొగ పెట్టిన రోజు

జనగామలో నేను తుమ్మితే మహబూబాబాద్‌లో మిర్చి బస్తాలు కదిలేవి. భూపాలపల్లిలో జనం ఉరిమిందనుకుని ఆరేసిన బట్టలు తీసేవారు. అంతటి ముక్కుతో మా బావమరిది కొత్త దుకాణాన్ని ఎలా ముంచబోయానో చెబుతాను. నవ్వుకోండి, కాని చేతిలో రుమాలు ఉంచుకుని నవ్వండి.

సరే, బస్తాల సంగతి కాస్త సాగదీశాను. కదిలింది పక్కింటి పిల్లి. అదీ నా తుమ్ముకు కాదు, పాలగిన్నె చప్పుడుకని మా ఇంట్లో వాదన.

వానలు వెనకబట్టి, ఖాళీ జాగాల్లో వయ్యారిభామ మొక్కలు తెల్లగా పూశాయంటే నా ముక్కు విప్పిన కుళాయే. డాక్టరు చూసి, "గిది సర్ది కాదు సేటూ. ఆ పూల పుప్పొడి గాలిల కొట్టుకొస్తది, అది నీకు పడ్తలేదు. ఆ మొక్కల దిక్కు పోకు. బయటికి పోతే ముక్కుకు బట్ట కట్టుకో. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లతోని ముక్కు కడుక్కో. దుమ్ముకు, పొగకు దూరముండు" అన్నాడు. బుద్ధిగా తలూపాను. నా తల ఊపడానికి బాగా పనికొస్తుంది.

అప్పుడే మా ఆవిడ సులోచన తమ్ముడు రమేశ్ భూపాలపల్లిలో కిరాణా దుకాణం తెరుస్తున్నాడు. వాడి మొదటి దుకాణం ఏడాది తిరక్కుండానే మూతపడింది. ఇదీ పోతే ఇక వ్యాపారం మాటే ఎత్తనని ఒట్టు పెట్టుకున్నాడు. మా అత్తగారింట్లో కొత్త దుకాణానికి తొలి బోణీ పెద్దల్లుడే చేయాలి. ఆ సమయంలో ఎవరైనా తుమ్మితే అంతా ఆపి, కూర్చుని, నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాలి. ఈలోగా ముహూర్తం దాటిపోతుంది. ఆ పెద్దల్లుడిని నేనే!

"బావా, నీ కాళ్లు మొక్కుత. బోణీ అయ్యేదాంక జర ముక్కు బంద్ పెట్టుకో."

"పరేషాన్ గాకు రమేశూ. నా దగ్గర ఆకు వైద్యమున్నది."

"ఏం వైద్యం? ఉప్పునీళ్లు పెడితేనే పారబోస్తివి" అంది సులోచన.

వావిలాకు ఆవిరి పడితే ముక్కు తెరుచుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. ఆవిరికి ఒక్క ముక్కు తెరుచుకుంటే, పొగకు దుకాణంలోని గాలంతా శుభ్రపడదా? ఇదీ నా పరిశోధన. ఇంటి వెనక జాగాలో వావిలి కొమ్మలు కోసి ఎండబెట్టాను. వాటితో కలిసొచ్చిన వయ్యారిభామను ఏరడానికి బద్ధకించాను. ఎండాక అన్నీ ఒక్క రంగే కదా!

ముహూర్తానికి ముందు దుకాణంలో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఎండిన ఆ కొమ్మల కట్టలో సగం దులిపి దులిపి వేశాను. పొగ మూలమూలకూ పోవాలని ఫ్యాన్ కూడా తిప్పాను.

ముందు తుమ్మింది నేను కాదు, అయ్యగారు. మంత్రం మధ్యలో విరిగింది, చేతిలో కొబ్బరికాయ జారింది. ఆ వెనక చుట్టాలు వరసపెట్టారు. చివరికి గల్లాపెట్టె ముందు యజమానే తుమ్మాడు.

"బావా! ఏం తగలవెట్టినవే?"

"వావిలాకురా!"

సులోచన మిగిలిన కట్టలోంచి ఒక కొమ్మ లాగి నా మొహం ముందు ఊపింది. "గీ పూలు వావిలాకువా? డాక్టరు దూరముండుమన్నది దీన్కే గద! నీ తుమ్ములు నీకు సాలక ఊరోళ్లకు పంచుతున్నవా?"

అందరం రోడ్డు మీద పడ్డాం. రమేశ్ కళ్లనిండా నీళ్లు. పొగవా, దుఃఖానివా తెలియదు. ముహూర్తం దాటిపోతోంది. అప్పుడు నేనే ధైర్యం చేసి, "అయ్యగారూ, ఒక్కడు తుమ్మితే ఆగాలె. అందరూ తుమ్మితే?" అని అడిగాను. ఆయన ముక్కు తుడుచుకుని, "అందరూ తుమ్మితే శుభమే సేటూ, కానియ్" అన్నాడు. ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి బెల్లం కొని బోణీ చేశాను. పొగ చూసి పోగైన జనం కూడా ఏదో ఒకటి కొన్నారు. దుకాణం ఇప్పటికీ నడుస్తోంది.

కనుక, ఎర్రబడిన ఈ ముక్కు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఆకునూ నిప్పుల మీద వేయను. ఉప్పునీళ్లను పూలకుండీలో పోయను.

ఇంతవరకు రాసి సులోచనకు వినిపించాను.

"శుభమని అయ్యగారెప్పుడన్నడు? 'ముందుగాల గీ పెద్దల్లుని రోడ్డు మీదనే కూసోబెట్టుండ్రి' అన్నడు. బెల్లం కొన్నది నేను."