ముద్ర ఉన్న పేజీ

నాంపల్లిలో నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఒక లైబ్రేరియన్ మేడం ఉండేవారు. ఏ పుస్తకం చేతికొచ్చినా ఆమె ముందుగా ముప్పై ఒకటో పేజీ తిప్పి చూసేవారు. ఎవరైనా మొదటి పేజీ చింపేసినా పుస్తకం ఎవరిదో తెలియాలని, లైబ్రరీ ముద్ర లోపల ఆ పేజీలో కూడా వేసేవారు. "లైబ్రరీ సైన్సు కోర్సుల మాకు మొదలు నేర్పింది గిదే సార్," అనేవారు నవ్వుతూ.

ఇన్‌స్పెక్షన్‌కు ముందు, బీరువాలు నిండుగా కనబడాలని మావాళ్లు బషీర్‌బాగ్‌లోని ఇంకో కాలేజీ నుంచి ఆటోల్లో పుస్తకాలు తెప్పించారు. మేడం అంతకుముందు పనిచేసింది అక్కడే. మొదటి పేజీల మీద మా కాలేజీ స్టిక్కర్లు అంటించారు.

"జర గీ ఒక్కరోజు సంభాళించుండ్రి మేడం," అన్నారు ప్రిన్సిపాల్.

మర్నాడు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన పెద్దమనిషి ఒక పుస్తకం తీసి, మెచ్చుకుంటూ ఆమె చేతిలో పెట్టాడు. అలవాటుకొద్దీ ఆమె బొటనవేలు ఆ పేజీకే పోయింది. ఒకప్పుడు తన చేత్తోనే వేసిన పాత కాలేజీ ముద్ర అక్కడ నీలంగా ఉంది. ఇద్దరూ చూశారు. పక్కనున్న నేనూ చూశాను.

ఆయన పుస్తకం మూసి, తనే అరలో పెట్టి, "చాయ్ తాగుదమా?" అన్నాడు ప్రిన్సిపాల్‌తో.

మాకు మంచి గ్రేడే వచ్చింది. ఆయన ఆరోజు గట్టిగా కసిరి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కొన్నాళ్లకు ఒక ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఆమె కనబడ్డారు. ఒక పుస్తకం తీసుకుని, అట్ట చూసి, తెరవకుండానే పెట్టేశారు.

"లోపల ముద్ర చూడరా మేడం?" అన్నాను.

"కనవడితే మాత్రం అడిగేటోళ్లు ఎవరున్నరు సార్?"