పన్నెండు సోలల కందిపప్పు

మా అత్త దగ్గర పప్పులు, బియ్యం కొలిచే ఒక ఇత్తడి సోల ఉండేది. కొత్తగూడలో ఆ ఇంటికి నేను కోడలుగా వచ్చేనాటికే దాని అంచు ఒకచోట సొట్ట పోయింది. "ఇద్దరికి ఎంత పప్పు పోయాలి అత్తా?" అంటే "గిద్దెడు" అనేది. సోలలో నాలుగో వంతట. అది ఎన్ని గ్రాములని అడిగితే, మా కర్నూల్లో చదువులు చెప్పరా అన్నట్టు నా మొహం చూసేది.

నేను హైటెక్ సిటీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. నాకు అంతుపట్టని లెక్క నా వంటింట్లో ఉంటే ఊరుకుంటానా? ఒక ఆదివారం ఆ సోల పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లాను. కంది, పెసర, శనగ, మినప, ఒక్కో పప్పునూ నింపి, అంచుకు సమంగా స్కేలుతో గీసి మరీ తూయించాను. సోల ఒకటే అయినా ఒక్కో పప్పు ఒక్కో బరువు తూగింది. కందిపప్పు రెండు వందల తొంభై గ్రాములు. ఆఫీసు కంప్యూటర్లో పట్టిక చేసి, రంగుల్లో అచ్చు తీసి, పొయ్యి పక్క గోడకు అంటించాను. మా ఆయన రోజూ దానికి దండం పెట్టి మరీ టిఫిన్ తినేవాడు.

ఆ ఏడాది మేడ మీద రెండు గదులు వేశాం, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కిరాయికి ఇద్దామని. గదుల్లో సత్యనారాయణ వ్రతం, డెబ్భై మందికి భోజనాలు. సరిగ్గా అప్పుడే అత్త కంటికి ఆపరేషన్ అయింది, పొయ్యి దగ్గరికి పోవద్దన్నాడు డాక్టరు. ఆమెకు కంటి కన్నా పరువు బాధ ఎక్కువైంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో పప్పు అయిపోయిందన్న మాట ఎవరూ వినలేదు. ఆ సంగతి కనబడిన వాళ్లందరికీ ఆమే చెప్పేది.

"పన్నెండు సోలల పప్పు పొయ్యి. జర పైలం బిడ్డా, ఇజ్జత్ పోతది" అంది.

పట్టిక చూసుకుని కొట్టుకు వెళ్లి, మూడు కిలోల నాలుగు వందల ఎనభై గ్రాములు ఇమ్మన్నాను.

"బంగారం కొంటున్నవా అమ్మా? నాలుగు కిలోలు తీస్కపో రాదు" అన్నాడు కొట్టాయన.

ఒక్క గ్రాము ఎక్కువ తీసుకుంటే నా డిగ్రీకి అవమానం కాదూ! తీసుకోలేదు.

రెండో బంతి లేచేసరికి గంటె గిన్నె అడుగున గీసుకుంది. ఇంకా పదిహేను మంది తినాలి. అందులో మా అత్త ఆడబిడ్డ ఒకరు. ఆ మహాతల్లి కొత్తగూడలో నోరు తెరిస్తే కొండాపూర్‌లో కుక్కలు లేస్తాయి.

నల్ల కళ్లద్దాలతో అత్త వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి వంగి చూసింది.

"గుట్ట పోసి కొలిచినవా, అంచుకేనా?"

"గుట్టేంటి అత్తా?"

"సోలెడంటే మీద గుట్ట నిలవాలె. ఇంక పోస్తే జారాలె. నలుగురికి పెట్టేది ఎవలన్న అంచుకు గీకి పోస్తరా?"

గుట్ట అంటే కొలతలో తప్పని నేను స్కేలుతో తీసేసి తూచాను. పన్నెండు గుట్టలు కలిస్తే పదిహేను మంది పప్పన్నం.

అత్త మిగిలిన పప్పులో వేన్నీళ్లు, చింతపండు పులుసు పోయించి, మరిగించి చారుగా వడ్డించమంది. తనే గడపలోకి వెళ్లి నిలబడింది.

"పప్పు ఒడిసింది. కండ్లు కనవడక నేనే సోలలు తక్కువ చెప్పిన. తప్పు నాదే."

"నీ ఇంట్ల పప్పు ఒడుసుడా వదినె? ముసలైపోయినవ్ పో!" అంది ఆడబిడ్డ. బంతి మొత్తం గొల్లుమంది.

నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు, నా మీద. తప్పు నాదని చెప్పేద్దామని గడప దాటబోయాను. అత్త కొంగు చాటున నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఊకో," అంది, నాకు మాత్రమే వినబడేలా. "అంటే నన్ను అననియ్. నేను వండుడు అయిపాయె. నువ్వు ఈళ్ల నడుమ ఇంక ముప్పై ఏండ్లు వండాలె."