గోదారి మధ్యలో గట్టిమేళం

నేను చదివింది ఐదో తరగతేనండి. ఇదివరకు ఏదీ రాయలేదు, తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా తమ్ముడి పెళ్ళి గురించి రాద్దామని కూర్చున్నాను.

అప్పుడు మా అమ్మాయి కాకినాడలో ఇంజనీరింగ్ చదివేది. మనుషుల్ని అంతరిక్షంలో దూరం పంపాలంటే పెద్ద వాహనం కావాలంట. అది ఒక్క రాకెట్టులో పట్టదంట. ముక్కలుగా పంపి పైన బిగించుకోవాలంట. అన్నీ సరిగ్గా చేరి, సరిగ్గా బిగుస్తాయని ఎంతవరకు నమ్మొచ్చో లెక్కగట్టడం దాని ప్రాజెక్టు. పెళ్ళికొచ్చి కూడా ఆ గొడవే.

పెళ్ళికూతురిది గోదారి పాయకి అవతల లంక. పొద్దుటి ముహూర్తం. అది తప్పితే మూఢం వచ్చేస్తుంది, మళ్ళీ నెలలు ఆగాలి. ఉన్నవి మూడు ఇంజన్ నావలు. ఒకటి నాది, మిగతావి మా బావలిద్దరివి. ఎవరికీ మర్యాద తగ్గకూడదని నేనే పంచాను. పెళ్ళికొడుకు నా నావలో, తాళిబొట్లు పెద్దబావ నావలో, పంతులుగారూ మేళంవాళ్ళూ చిన్నబావ నావలో. అందరూ బాగుందన్నారు.

మా అమ్మాయి మాత్రం, నావ ఎన్నిసార్లకి ఒకసారి మధ్యలో ఆగుద్దని అడిగింది. ఏ నావైనా పదిసార్లకి ఒకసారి మొరాయిస్తదన్నాను.

"మూడింట్లో ఏదాగినా తాళి కట్టడం అవదు కదా నాన్నా. ఇలా వెళ్తే నాలుగు పెళ్ళిళ్ళలో ఒకటి ఆగిపోద్ది. రాకెట్లకీ ఇదే బాధ. ముఖ్యమైనవి ఎన్ని చోట్ల పెడితే అంత భయం."

అది వినగానే పెళ్ళికొడుకునీ తాళిబొట్లనీ పంతులుగారినీ నా నావలోకే మార్చేశాను. చిన్నబావకి మేళంవాళ్ళే మిగిలారు. చదువుకున్న మేనకోడలు తన నావకి మార్కులు తగ్గించిందని మూతి ముడుచుకున్నాడు.

మేం సుఖంగా దిగాం. చిన్నబావ నావ నడి గోదారిలో ఆగిపోయింది. పెద్దబావ లాక్కురావడానికి వెళ్ళాడు గానీ ముహూర్తం దగ్గరపడింది. గట్టిమేళం లేకుండా తాళెలా కట్టిస్తారని ఆడవాళ్ళు పట్టుబట్టారు. మా అమ్మాయి తల పట్టుకుంది.

"మేళాన్ని లెక్కలో మర్చిపోయాను నాన్నా."

పందిరి గట్టు మీదే. నేను నీళ్ళ అంచుకి పరిగెత్తి, తువ్వాలు ఊపగానే వాయించమని నావలో మేళంవాళ్ళకి కేకేశాను. పంతులుగారు చెయ్యెత్తారు, నేను తువ్వాలు ఊపాను. నీళ్ళ మీంచి డోలూ సన్నాయీ ఒక్కసారి వచ్చి పందిరంతా నిండిపోయాయి. మా తమ్ముడు నవ్వుతూనే మూడు ముళ్ళూ వేశాడు. చేపలు పట్టుకునేవాళ్ళు కూడా నావలాపి చూశారు.

భోజనాల వేళకి చిన్నబావ నావకి తాడు కట్టించుకుని వచ్చి దిగాడు.

"నీ పెళ్ళికి కూడా నడిమధ్యలోనే ఆపుతాను కోడలా, ఊళ్ళన్నిటికీ వినపడాలి."

మా అమ్మాయి నవ్వాపుకోలేక అన్నం ముందు కూలబడింది. దాని ప్రాజెక్టు బాగుందని కాలేజీలో మెచ్చుకున్నారంట. మా ఇళ్ళల్లో ఇప్పుడు మేళంవాళ్ళు కూడా పెళ్ళికొడుకు నావలోనే ఎక్కుతారు. అందుకూ మా చిన్నబావకి కోపమేనండి.