ఆకుపచ్చ రంగు కింద జర్మన్ అంకెలు

'నాకు తెలియదు' అనే మాట నా నోట మా ఇంట్లో ఎవరూ వినలేదు. చాలా ఏళ్లు దీన్ని గొప్పగానే చెప్పుకున్నాను. బొగ్గు బాయిల్లో సర్వేయరుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరయ్యాక కరీంనగర్‌లో ఇల్లు కట్టుకున్నాను. భూమి లోపల సొరంగం ఎటు పోతోందో కొలిచి గీసి చెప్పినవాణ్ణి కాబట్టి, పైనున్న వాళ్లకు కూడా దారి చెప్పే హక్కు నాకుందనుకునేవాణ్ణి. మా ఆవిడ ఒక్కతే అప్పుడప్పుడు "జర తగ్గరాదు" అనేది. నేను తగ్గింది లేదు.

రిటైరైన కొత్తలో పాత సామాన్ల కొట్టులో ఒక దుర్భిణి దొరికింది. ఒక కన్ను పూర్తిగా మసకబారి ఉంది. విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తుంటే దాని మీద మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలు కనిపించాయి. కంపెనీ పేరు లేదు, ఊరి పేరు లేదు. ఆ మూడక్షరాల సంగతి తేల్చడానికి నాకు నెల రోజులు పట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు సైన్యానికి చేసిన అద్దాల సామాను మీద ఫ్యాక్టరీ పేరు వేసేవారు కారట. ఎక్కడ తయారవుతోందో శత్రువుకు తెలియకూడదని పేరుకు బదులు రహస్యాక్షరాలు వేసేవారట. అది తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. అంత సంతోషం.

అక్కడి నుంచి అదే లోకం అయిపోయింది నాకు. దుర్భిణులు అందరికీ తెలుస్తాయి. ఎవరికీ అంతు పట్టనివి వేరే ఉంటాయి: తలకిందులుగా చూపించే గొట్టాలు, విరిగిన చూపు యంత్రాలు, దేని నుంచి ఊడిందో తెలియని అద్దపు ముక్కలు. ఇంటర్నెట్‌లో వాటి ఫోటోలు పెట్టి ఇదేమిటని అడిగేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. చెప్పేవాళ్లలో నేనొకణ్ణి. మర ఎటు తిరుగుతుంది, గ్రీజు రకం తెలిపే గుర్తు ఉందా, వలయం మీద గీతలెన్ని అని చూసి తేల్చేవాణ్ణి. మాలాంటి సర్వేయర్లు వలయాన్ని మూడువందల అరవై భాగాలు చేస్తారు. ఫిరంగుల వాళ్లు ఆరువేల నాలుగువందలు చేస్తారు. ఒక్క అంకె కనిపిస్తే చాలు, అది పొలం కొలిచిందో ఊరు కూల్చిందో చెప్పొచ్చని నేను అనేవాణ్ణి. ఈ వాక్యం నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మందమర్రి నుంచి ఆమె ఒక పొద్దున బస్సులో వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైందట. అక్కడి మెథడిస్టు చర్చి పాస్టరయ్యగారు నాకు ముఖపరిచయం, ఆయనే పంపారు. దుప్పటి ముక్కలో చుట్టిన ఒక బరువైన వస్తువును నా బల్ల మీద పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"సారూ, మా చర్చి ముందట నల్లరాయి మీద లడాయికి పోయినోళ్ల పేర్లు చెక్కిపిస్తున్రు. మా బాపు గూడ పోయొచ్చిండు. కాయిదాలన్ని చెదలు తిన్నయి. గిదొక్కటే మిగిలింది. ఇటలీ దేశంల జర్మనోళ్లు ఇడిసిపెట్టి పోయిన జాగల దొరికిందట. గిది జర్మనోళ్లదే అని మీరొక్క ముక్క రాసిస్తే బాపు పేరు ఎక్కుతది. కమిటోళ్లు గట్లనే అన్నరు."

యుద్ధం నుంచి వచ్చాక వాళ్ల నాన్న మందమర్రి వైపు ఒక బాయిలో, అదీ సర్వే సెక్షన్‌లోనే, కొలత గొలుసు పట్టే పనిలో చేరాడు. నేను చూడని మనిషి, నేను పనిచేయని బాయి.

దుప్పటి విప్పాను. గుండ్రటి పళ్లెం, మధ్యలో దిక్సూచి ముల్లు ఉండాల్సిన గూడు, పక్కన చూడటానికి ఒక పొట్టి గొట్టం. మొత్తం మీద ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి ఉంది. ఆ రంగు నాకు తెలియకపోవడమేమిటి? మా బాయి పంపులకు అదే, మా తలుపులకు అదే, నా ఆఫీసు బీరువాకూ అదే. అడుగున తెల్లరంగుతో ఒక అక్షరం, నాలుగంకెలు. గనుల్లో దిక్కులు కొలిచే పాతకాలపు డయల్ కూడా సరిగ్గా ఈ ఆకారంలోనే ఉంటుంది. నాకు లోపల ఎక్కడో చిన్న సంబరం కలిగింది. పట్టేశాను అనుకున్నాను. దాచుకోకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో ఆమె ముఖం నేను చూడనే లేదు.

"ఇది జర్మనోళ్లది కాదమ్మా, మన బాయిదే. రంగు చూడు, నంబరు చూడు" అన్నాను.

"రంగు బాయి వర్క్‌షాపుల ఏసిన్రు సారూ. స్క్రూ ఊడిపోతే బిగిపిద్దామని బాపు తీస్కపోయిండు. తుప్పు పడ్తదని ఫిట్టరే ఇంత రంగు పూసిండట. నంబరేమో గేటుకాడ ఏసింది. లోపలికి తీస్కపోయింది మళ్ల బయటికి తెచ్చుకోవాలంటే ఏపిచ్చుకోవాలె గద."

"ముప్పై ఏండ్లు గసుంటి గేట్లల్లనే తిరిగిన. గేటుకాడ నంబర్లేసుడు నేనెన్నడు చూడలే. ఇది కంపెనీ స్టోర్ల నంబరు."

"మా బాపు అబద్ధమాడడు సారూ" అంది.

"అబద్ధమని నేనంటలేనమ్మా. స్టోర్ల సామాను ఇంట్ల ఉండుడు మంచిది కాదంటున్న. ఇక్కడ పెట్టిపో, నేనే అప్పజెప్త" అన్నాను. ఎంత మర్యాదగా అన్నానో ఇప్పటికీ గుర్తుంది. ఆ మర్యాద తలుచుకుంటేనే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆమె దుప్పటి ముక్క మాత్రం మడిచి తీసుకుని వెళ్లిపోయింది. నేను ఆ సాయంత్రమే కమిటీకి ఉత్తరం రాశాను. ఇది గని సర్వేకు వాడే పరికరమనీ, దాని మీద స్టోర్ల నంబరు ఉందనీ, యుద్ధానికీ దీనికీ సంబంధం లేదనీ రాసి, కింద నా పాత హోదా అంతా వేసి సంతకం పెట్టాను. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఉత్తరం అందరి ముందూ చదివారట. రాయి మీద ఆయన పేరు ఎక్కలేదు. వస్తువును నేను ఏ ఆఫీసులోనూ అప్పజెప్పలేదు. మెట్ల కింద గూట్లో పెట్టి మరిచిపోయాను.

ఏడాది దాటింది. ఒక పొద్దున టీ తాగుతూ ఫోను చూస్తుంటే, ఎక్కడో విదేశంలో ఒకాయన తన తాత అటక మీద దొరికిందంటూ ఒక ఫోటో పెట్టాడు. ముగ్గురు నలుగురు ఏదో ఊహించారు. నేను ఐదు నిమిషాల్లో తేల్చేశాను: జర్మన్ సైన్యం ఫిరంగులకు దిక్కు కట్టే పరికరం, వలయం మీద నూరు భాగాలకొకటి చొప్పున సున్నా నుంచి అరవైమూడు దాకా అంకెలుంటాయి చూసుకో అన్నాను. ఆయన చూసి, నిజమేనని నాకు పొడుగ్గా కృతజ్ఞతలు రాశాడు. మిగతావాళ్లూ పొగిడారు. రెండో కప్పు టీ పోయించుకుని ఆ ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. గొట్టం పక్కన చిన్న కొమ్ములాంటి పిడి ఒకటుంది. ఆ కొమ్మును నేను చేత్తో పట్టుకున్నాను. ఎక్కడ పట్టుకున్నానో గుర్తురావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మెట్ల కింద నుంచి తీసి, రంగు ఊడదీసే మందు రాసి, పాత పళ్ల బ్రష్‌తో రుద్దాను. ఆకుపచ్చ ముద్దలు ముద్దలుగా లేచింది. సున్నా, ఒకటి, రెండు. వలయమంతా తిరిగి అరవైమూడు దగ్గర ఆగింది. పక్కన మూడు చిన్న అక్షరాలు. ఆ రోజు గోరుతో గీకినా కనిపించేవి.

ముందుగా నాకు వచ్చింది కోపం. అదీ ఆమె మీద. ఇంత నిజం చేతిలో పెట్టుకుని గట్టిగా వాదించకుండా ఎందుకు పోయింది అని. ఆ తర్వాత వచ్చిన ఆలోచన ఇంకా నీచమైనది: ఇది ఎవరికీ తెలియదు కదా అని. రెండు రోజులు నోరు మూసుకునే ఉన్నాను. మా ఆవిడతో కూడా చెప్పలేదు.

ఆ తెల్ల నంబరు ఒక్కటే నన్ను నిలవనివ్వలేదు. మూడో రోజు, ఒకప్పుడు నా దగ్గర గొలుసు పట్టిన మనిషికి ఫోను చేసి అడిగాను.

"గేటు నంబరా? గది ఎవలకెరుక లేదు సారూ! నా టిఫిన్ డబ్బకు గూడ ఉండె. మన సొంత వస్తువు ఏదన్న తీస్కపోతే తెల్లరంగుతోని ఏసేటోళ్లు. నంబరు లేకుంటే బయటికి రానియ్యకపోదురు."

"నేనెన్నడు చూడలేదే."

"మీ సంచి ఎవడన్న ఇప్పి చూసిండా సారూ?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

నా వెనకాల నా యంత్రాన్ని భుజాన మోసుకుంటూ వచ్చే మనిషి రోజూ గేటు దగ్గర రెండు మూడు నిమిషాలు ఆగిపోయేవాడు. నేను ఆగకుండా ముందుకు పోయేవాణ్ణి. ఎందుకింత ఆలస్యమని చాలాసార్లు తిట్టాను కూడా. ఆ ఆలస్యం ఏమిటో ముప్పై ఏళ్లలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. దొంగసొత్తుకు సాక్ష్యమని నేను రాసిచ్చిన నంబరు, ఇది దొంగసొత్తు కాదు, ఈ మనిషి సొంతం అని గేటు రాసిచ్చినది.

ఆమె దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాలక ముందు పాస్టరయ్యగారికి ఉత్తరం రాశాను. ఈసారి అంకెల సంగతి, అక్షరాల సంగతి, గేటు సంగతి, నేను వినకపోయిన సంగతి అన్నీ రాశాను. 'మరింత పరిశీలించిన మీదట' అని మొదలుపెట్టి, కొట్టేసి, 'నేను తప్పు చేశాను' అని మొదలుపెట్టాను. దాన్ని కూడా అందరి ముందూ చదవమని కోరాను. చదివారు. రాయి మీద చివర్లో జాగా మిగిలి ఉండటంతో ఆమె తండ్రి పేరు చెక్కించారు. అంతటితో నా బాధ్యత తీరిందని అనిపించింది. ఆ పరికరం ఆమెకు ఇచ్చి రావడమే మిగిలిందనుకుని ఒకరోజు మందమర్రి బస్సెక్కాను. దారి పొడుగునా ఆమె ఏమంటుందో, నేనేమనాలో అనుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే, ఆమె నాకు నాలుగు మంచి మాటలు చెబుతుందని కూడా ఆశపడ్డాను.

కాలనీ వెనక రెండు గదుల ఇల్లు. నన్ను చూసి తెల్లబోయి, కుర్చీ తుడిచి వేసింది. ఈసారి నేను కూర్చోలేదు. పరికరాన్ని రెండు చేతులతో ఇచ్చాను.

"పేరు ఎక్కింది సారూ, చూసొచ్చిన" అంది.

"నాదే తప్పమ్మా. నువ్వు అన్నీ చెప్పినవు. నేనే వినలే" అన్నాను.

ఆమె పరికరాన్ని మంచం మీద పెట్టి, వంగి మంచం కింది ట్రంకు పెట్టెను బయటికి లాగింది. పాత చీరలో చుట్టి అడుగున పెట్టిన ఫోటో ఒకటి తీసింది. తెల్లచొక్కా వేసుకుని, మెడలో దండతో ఒక ముసలాయన, రిటైరైన రోజు తీసినట్టుంది. ఎదురు గోడ మీద ఒక మేకు, దాని కింద ఫోటో అంత మేర సున్నం వెలిసిపోకుండా తెల్లగా మిగిలి ఉంది. నాకు విషయం అర్థమైంది. అయినా అడిగాను.

"ఎప్పుడు తీసినవమ్మా?"

"మీ కాయిదం చదివిన ఆదివారం."

కొంగుతో అద్దం తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండా ఆ ఫోటోతోనే మాట్లాడింది.

"సదువుకున్న సారు రాసిండు గదాని, నేను గూడ నమ్మిన బాపూ."