బాషా భాయ్ ఆదివారం

రియాద్‌లోని బతా బజారులో, కేరళ హోటళ్ల వెనక సందులో ఒక ట్రావెల్ ఆఫీసు ఉండేది. అందులో మూడో కుర్చీ మహబూబ్ బాషాది. ఊరు ప్రొద్దుటూరు, వయసు యాభై ఎనిమిది. రియాద్ వచ్చి ఇరవై ఆరేళ్లు, ఆ కుర్చీలో కూర్చుని పందొమ్మిదేళ్లు. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద మాత్రం ఆయన ఉద్యోగం చివరిదాకా 'ఆమిల్', అంటే కూలీ. ఏ వీసా దొరికితే ఆ పేరుతో విమానం ఎక్కిన రోజుల్లో వచ్చిన మనిషి.

ఫోన్లో రెండు నిమిషాల్లో అయిపోయే టికెట్టు కోసం నేనుండే మలాజ్ నుంచి బతా దాకా వెళ్లి, పార్కింగ్ దొరక్క అరగంట తిట్టుకునే ఓపిక నాకు లేదు. అయినా వెళ్లేవాణ్ని. ఎందుకంటే టికెట్టు వెనకవైపు బాషా భాయ్ తన గుండ్రటి తెలుగు అక్షరాలతో ఒక ప్లాను రాసిచ్చేవాడు. స్టేషన్ దిగాక ఏ గేటులోంచి బయటికి రావాలి, ఏ ట్రాము ఎక్కాలి, ఏ కోటకి పొద్దున్నే వెళ్తే క్యూ ఉండదు, ఏ హోటల్లో సూపులో పంది మాంసం కలుస్తుంది, ఏ హాల్లో బీరు పాతకాలం పీపాల్లోంచి పోస్తారు, అన్నీ అందులో ఉండేవి. గురువారం డ్యూటీ అయ్యాక ఎయిర్‌పోర్టుకి, శుక్రవారం పొద్దున యూరప్‌లో దిగడం, శనివారం సాయంత్రం తిరుగు విమానం, ఆదివారం పొద్దున మళ్లీ ఆఫీసు. ప్రాగ్, బుడాపెస్ట్, క్రాకో... ఏడు ఊళ్లు నేను ఆయన కాగితం పట్టుకునే తిరిగాను. కోటల కోసం ఎంత వెళ్లానో బీరు కోసమూ అంతే వెళ్లానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంతకీ బాషా భాయ్ ఆ ఊళ్లు ఒక్కటీ చూడలేదు. ఆయన జీవితమంతా రియాద్, ప్రొద్దుటూరు, మధ్యలో ఒకసారి సౌదీలోనే ఉన్న హాయిల్. ఆయనకు తెలిసిందంతా మేము చెప్పిందే. ఊరెళ్లి వచ్చినవాడు తర్వాతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఆ కుర్చీ ముందు కూర్చుని పూస గుచ్చినట్టు చెప్పి తీరాలి. లేకపోతే మళ్లీ ప్లాను రాసివ్వడు. పోనీ చెప్తే ఊరుకుంటాడా?

"రొట్టె మెత్తగుండెనా, గట్టిగుండెనా సార్?"

"గట్టిగానే ఉంది."

"పైన గట్టిగనా, లోపల గూడానా?"

బీరు దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు కొంచెం తగ్గేది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, జన్మలో చుక్క ముట్టలేదు. "చేదుగా ఉంటాదంటారు. చేదు దాన్ని నవ్వుకుంటా ఎట్ల తాగుతారబ్బా?" అని అడిగేవాడు. ఒకసారి నాకు ఒళ్లు మండింది.

"బాషా భాయ్, నేను సరదాగా ఊరెళ్లొచ్చానా, దొంగతనం చేసొచ్చానా?"

"కోపమొద్దు హేమసుందర్ సార్. ఆ గ్లాసు మింద నురుగు ఎంతసేపుండెనో, అదొక్కటి చెప్పి పోండి."

కిందటేడు ఆ ఆఫీసు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దుకాణం మూసేస్తున్నానన్నాడు. బాషా భాయ్‌కి నాలుగు నెలల్లో ఫైనల్ ఎగ్జిట్, ఇక తిరిగి రాకుండా ఇంటికి. సంగతి నాకు చెప్పిన రోజు ఆయన మామూలుగానే ఉన్నాడు. నేను లేచి వెళ్లబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, పోయే ముందర ఒక్క ఊరు నా కండ్లతో చూసొస్చా. ప్రొద్దుటూరు పోతే ఇంగ అయ్యే పని గాదు. మీరు తోడొస్చారా?"

రానని ఎవరంటారు? ఇకామా మీద కూలీ అని ఉన్న మనిషి మూడు రోజులకి వియన్నా ఎందుకు పోతున్నాడని వీసా కౌంటర్లో గంటసేపు అడిగారట. ఈయన ఊరికే నిలబడి వియన్నా ట్రాముల నంబర్లన్నీ వరసగా అప్పజెప్పాడట. వీసా వచ్చింది. ప్లాను ఆయనే వేశాడు: శుక్రవారం వియన్నా, శనివారం గంట దూరంలో ఉన్న బ్రాటిస్లావా, ఆదివారం మళ్లీ వియన్నా. నేను ఒకరోజు సెలవు పెట్టాను. మా ఆఫీసు అమర్నాథ్ సెలవు దొరక్క శనివారం సాయంత్రం దాకా మాత్రం మాతో ఉంటానన్నాడు.

శుక్రవారం ఆయన ముందు, మేము వెనక. ఒక్క మలుపు దగ్గర కూడా ఆగలేదు. పెద్ద చర్చి పైకప్పు మీద రంగురంగుల పెంకులు కనబడగానే మేమిద్దరం ఆగి ఫోన్లు తీశాం. ఆయన తలెత్తి చూసి, "ఆఁ, అదే," అని ముందుకు నడిచాడు. మధ్యాహ్నం ఆయన కనుక్కొని పెట్టిన హలాల్ హోటల్లో పల్చగా కొట్టి వేయించిన మాంసం ముక్క వచ్చింది. "ప్లేటు దాటి ఉంటాదన్నారు. ఉండాది," అన్నాడు, అంతే. సంతోషంతో మాటలు రావడం లేదేమో అనుకున్నాను.

శనివారం బ్రాటిస్లావాలో కోట ఎక్కి దిగి, పాత బీరు హాల్లో కూర్చున్నాం. అక్కడ మూలికల వాసన వచ్చే నల్లటి తియ్యటి డ్రింకు ఒకటి బీరులాగే కుళాయిలోంచి పట్టి ఇస్తారు, అందులో మత్తు ఉండదు. అదీ ఆయనకు ముందే తెలుసు. తనకది తెప్పించుకుని మా గ్లాసుల మీద నురుగు తగ్గిపోవడం చూస్తూ కూర్చున్నాడు. అమర్నాథ్ ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కి వెళ్లిపోయాక మెల్లగా అన్నాడు.

"అంతా మీరు చెప్పినట్లే ఉండాది సార్."

"మంచిదేగా!"

"నా కండ్లకు పనే ల్యాకపాయ. అన్నీ మీ నోటితో చూసేసినా. ఊరికే వచ్చినట్టుండాది."

నా బీరు నిజంగానే చేదెక్కింది. ఇరవై ఆరేళ్లలో ఆ మనిషి తన కోసం అడిగింది ఈ ఒక్కటే. దాన్ని శుక్రవారం తర్వాత శుక్రవారం అందరం కలిసి ముక్కలు చేసి తినేశాం. వద్దంటే మాత్రం వినేవాడా? ఆయన మీద కోపం వచ్చింది, నా మీదా వచ్చింది.

"రేపొకటి ఉంది కదా," అన్నాను.

ఆయన మొహం కొంచెం తేరుకుంది. "ఉండాది సార్. పెద్ద బజారు రేపటికి మిగిల్చినా. ఆదివారం వాళ్లకు సెలవు కదా. సెలవు రోజు బజారు చూడాల. శుక్రవారం మన బతా ఉన్నట్టుంటాది. ఊరు ఊరంతా ఆడే ఉంటాది."

ఆదివారం తొమ్మిదింటికి వియన్నాలో ఆ బజారుకి వెళ్లాం. ఈ చివర నుంచి ఆ చివరిదాకా ప్రతి అంగడికీ షట్టర్ దించి ఉంది. మనిషన్నవాడు లేడు. పండగ ఏమైనా వచ్చిందేమో అనుకుంటూ పక్క వీధి చూశాం, అదీ అంతే. సూపర్‌మార్కెట్ కూడా మూసేసి ఉంది. బాషా భాయ్ కాగితం తీసి చూశాడు, మళ్లీ షట్టర్ల వైపు చూశాడు. నేను ఆగలేక నవ్వేశాను. అలా నవ్వి ఉండకూడదు.

విషయం ఆయనకే ముందు తట్టింది. మేమంతా శనివారం సాయంత్రం విమానం ఎక్కేవాళ్లమే. యూరప్‌లో ఆదివారం గడిపినవాడు ఆయన కుర్చీ ముందు ఒక్కడూ కూర్చోలేదు. బతాలో సెలవంటే బజారులో కాలు పెట్టే చోటుండదు, ఇక్కడ సెలవంటే బజారుకే సెలవు.

"పందొమ్మిదేండ్లు, సార్. ఒక్కరు గూడా నాకు ఆదివారం చెప్పలా."

ఏడుస్తాడేమో అనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చివర్న నీళ్లు కొట్టి నేల కడుగుతున్న ఒకాయన దగ్గరికి గబగబా నడిచాడు. ఆయన ఈజిప్టు మనిషి. ఇద్దరూ అరబ్బీలో మొదలుపెట్టారు. నాకు అరబ్బీలో రా, పో, ఆగు తప్ప రావు కాబట్టి పక్కన దిష్టిబొమ్మలా నిలబడ్డాను. పావుగంటకి బాషా భాయ్ తిరిగొచ్చాడు.

"ఈ ఊరోళ్లు ఈ పొద్దు యాడికి పోతారని అడిగినా. ఆ ట్రామెక్కి ఆఖరు స్టాపులో దిగమన్నాడు."

"అక్కడేముందట?"

"అడగలా సార్."

బాషా భాయ్ ఒక విషయం అడగకుండా వదిలేయడం నేను చూడటం అదే మొదలు. ట్రాములో కిటికీ అద్దానికి ముక్కు ఆనించి కూర్చున్నాడు. ఎదుటి సీట్లో ఒక ముసలామె ఒళ్లో తాడు కట్టిన అట్టపెట్టె పెట్టుకుని ఉంది. "అందులో ఏముంటాది సార్?" అన్నాడు. తెలీదన్నాను. "మీకు గూడా తెలీదా?" అని పెళ్లి భోజనం పిలుపు అందినవాడిలా నవ్వాడు. తర్వాత ఏ గుడి, ఏ వీధి, ఏ చెట్టు అని అడిగినా నా జవాబు తెలీదనే. అడిగిన ప్రతిసారీ ఆయన మొహం ఇంకాస్త విప్పారింది.

ఆఖరి స్టాపు దగ్గర ఊరు అయిపోయి కొండ మొదలవుతుంది. వాలంతా ద్రాక్షతోటలు, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. పిల్లలతో, కుక్కలతో, చేతికర్రలతో జనం పైకి నడుస్తున్నారు. బాషా భాయ్ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"మీరు ఈడనే ఉండండి. నేను ఒక్కన్నే పొయ్యొస్చా."

గంట అయింది, రెండు గంటలయింది. ఫోన్ చేస్తే ఎత్తడు. మోకాళ్ల నొప్పుల మనిషి, భాష రాదు, ఏ తోటలో పడ్డాడో ఏమో! వెతకడానికి లేచానో లేదో దారి మలుపులో కనబడ్డాడు. ప్యాంటుకి మోకాళ్ల దాకా బురద. కుడి చొక్కా చెయ్యి మోచేతి పైదాకా తడిసి ఉంది. మొహం చూస్తే పదేళ్లు తగ్గినట్టుంది.

"ఎక్కడిదాకా వెళ్లారు? చెయ్యి ఎందుకు తడిసింది? ఎవరైనా కనబడ్డారా? ఏమైనా తిన్నారా?" అన్నీ ఒక్క ఊపిరిలో అడిగేశాను.

ఆయన నా నీళ్లసీసా తీసుకుని సగం తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"చెప్పను సార్."

"అదేంటి, రెండున్నర గంటలు నన్ను కూర్చోబెట్టి!"

"చెప్తే మీది గూడా అయిపోతాది. ఇదొక్కటి నాకుండనీండి."

నాకు పిచ్చికోపం వచ్చింది. తిరుగు ట్రాములో వేరే సీట్లో కూర్చున్నాను. హోటల్లో నయానా భయానా అడిగాను. విమానంలో మళ్లీ అడిగాను. నవ్వి కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు ప్రొద్దుటూరు నుంచి వారానికోసారి ఫోన్ చేస్తాడు. భార్య మదార్బీ వండిన కూర నుంచి వీధిలో కొత్తగా వేసిన పైపు దాకా అన్నీ చెప్తాడు. మధ్యలో మాట కలిపి ఆ కొండ సంగతి తెస్తాను, వెంటనే ఫోన్ పెట్టేస్తాడు. ఒక మనిషి చూసినదాన్ని తెలుసుకోవాలని ఇంత తపన ఉంటుందని నాకు తెలీదు. పందొమ్మిదేళ్లు ఆయన ఇలాగే ఉన్నాడు, నేనేమో నురుగు గురించి అడిగితే విసుక్కున్నాను.