లార్డుగారి చెవి

మా ప్రఫుల్ల ఆంటీ పటాల్లోని మనుషులకు వైద్యం చేస్తుంది.

గ్లాస్గోలో ముప్ఫై ఏళ్ళు జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టరుగా చేసి రిటైరైంది. నాడి పట్టుకోవడానికి మనుషులు దొరక్కపోయేసరికి ఆవిడ చూపు మ్యూజియంలో బొమ్మల మీద పడింది. ఆదివారమొస్తే నా కారే ఆవిడకు టాక్సీ. పెళ్ళికూతురి పటం ముందు నిలబడి, “పాపం, థైరాయిడ్ రా వినీత్, మెడ చూడు” అంటుంది. యుద్ధం పటంలో సేనాపతికి విటమిన్ డి తక్కువట. ఆఖరికి ఆయన గుర్రానికి కూడా మోకాళ్ళు అరిగాయని తేల్చింది.

“ఆంటీ, వీళ్ళంతా పోయి రెండొందలేళ్ళయింది!”

“మరి? టైముకు చూపించుకోకపోతే పోరూ?”

పోయిన చలికాలం ఆవిడ ఒకే పటాన్ని పట్టుకుంది. లార్డ్ ఆష్‌మియర్ అని ఒక ఇంగ్లీషు ప్రభువు. పెయింటర్లనీ పాటగాళ్ళనీ పోషించాడట. ఎర్రకోటు, నున్నటి బుగ్గలు, లోకమంతా తన ఇంట్లోనే అద్దెకుంటున్నట్టు ఒక చూపు. మిగతా పేషెంట్ల సంగతి నాతో తెలుగులో చెప్పే మనిషి, ఈయన దగ్గర మాత్రం గది దద్దరిల్లేలా ఇంగ్లీషు అందుకునేది.

“మై లార్డ్! చెవి మీద ఆ నల్లమచ్చ పెరుగుతోంది. రేపే మీ జీపీకి ఫోన్ చెయ్యండి. ఇప్పుడైతే చిన్న కోతతో పోతుంది. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు!”

జనం వెనక్కి తిరిగి చూసేవారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

“ఇంగ్లీషెందుకాంటీ?”

“ఆయనకు తెలుగొచ్చేంట్రా?”

ఒకరోజు ఒళ్ళుమండి ఆ పటాన్ని దగ్గరకెళ్ళి చూశాను. లార్డుగారి చెవి శుభ్రంగా ఉంది. మచ్చ ఉన్నది పటం పక్కన కుర్చీలో కాపలా కూర్చునే డంకన్ చెవి మీద.

కారెక్కగానే నిలదీశాను. “నేరుగా అతనికే చెప్పొచ్చుగా?”

“మొదటిరోజే చెప్పానురా. పుట్టుమచ్చేలెమ్మని నవ్వేసి పక్క గదిలోకి పారిపోయాడు. భయం! మా అత్తగారు నన్ను ఏనాడూ ఒక్కమాట అనలేదు. నా ఎదురుగా పిల్లిని తిట్టేది. నాకన్నీ అర్థమయ్యేవి.”

ఆ పై ఆదివారం డంకన్ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. తర్వాతి వారాలూ అంతే. ఆంటీ ఏ పటాన్నీ పలకరించలేదు. ఆవిడ అలా ఉంటే నాకు భయమేసింది.

వసంతం వచ్చాక డంకన్ వచ్చాడు, చెవికి ఇంత ప్లాస్టరుతో. “కేన్సరే డాక్టర్. మొత్తం తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే కష్టమయ్యేదన్నారు” అన్నాడు. కాసేపు పటం వంక చూసి, “కానీ ఒక్కమాట. ఏళ్ళ తరబడి ఈయన పక్కనే కూర్చుంటున్నాను. ఈయన చెవికి మచ్చ లేదు” అన్నాడు.

ఆంటీ తొణకలేదు.

“ఎందుకుంటుంది? పెయింటర్లకు అన్నం పెట్టిన మహానుభావుడు. ఆయన చెవి మీద మచ్చ వేసే ధైర్యం ఎవడికుంటుంది?”

డంకన్ పగలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ లేచి తన కుర్చీ ఆవిడకు వేశాడు. ఆంటీ దర్జాగా కూర్చుంది.

“ఏదీ, ఇలా తిరుగు. ప్లాస్టరు ఎవరు వేశారు నీకు? ఇంత వంకరగానా?” అంటూ బ్యాగులో కళ్ళజోడు వెతుక్కోసాగింది.